గాజులకు నూలు చుట్టిన పొద్దు

మా పక్కింటి హర్షిణి ఫిడేలు రికార్డు చేయబోతోందని, అందులో మద్దెల గానీ తంబుర గానీ తాళం వేసే మనిషి గానీ ఉండరని విన్న రోజు నాకు ఆ పిల్ల మీద జాలి కలిగింది. మా వాడలో బోనం ఎత్తిన ఆడపిల్లను కూడా ఒక్కదాన్ని నడవనివ్వం. పక్కన ఇంకొకతి ఉంటుంది, ముందు డప్పు ఉంటుంది. భజనలో ఎంత గొంతున్నవాడికైనా ఓ డోలక్, తాళాలు, వెనక వంత పాడేవాళ్లు ఉంటారు. అలాంటిది ఈ పిల్ల ఒక్కతే కూర్చుని, ఒక్క ఫిడేలు వాయించి లోకానికి వినిపిస్తుందట. తోడెవరూ దొరకలేదు కాబోలు అనుకున్నాను. అనుకున్నాక ఊరుకోవడం నాకు రాదు. పొయ్యి మీది పప్పు దింపి వాళ్లింటికి నడిచాను.

మాది సిరిసిల్లలో సాంచాల వీధి. మరమగ్గాలను మేం సాంచాలంటాం. హర్షిణి తండ్రి అంబదాస్ ముందు గదిలో సాంచాలు నడుపుతాడు. ఆ మోతలో నిలబడీ నిలబడీ అతని చెవులు సగం పోయాయి. అతను ఇంట్లో మంచినీళ్లడిగితే మా ఇంట్లో వినిపిస్తుంది. తల్లి మమతారాణి వెనక వసారాలో మిషన్ మీద కండెలు చుడుతుంది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే సన్నటి నూలు చుట్టలే కండెలు. ముందు సాంచాలు, వెనక కండెల మిషన్, రెండింటి నడుమ చిన్న గది. హర్షిణి చదువూ నిద్రా సంగీతమూ అన్నీ ఆ గదిలోనే.

"ఏందే మమతా, పిల్లకు మద్దెల కొట్టెటోడు దొర్కుతలేడా?" అని అడిగాను.

"దొరుకక కాదత్తా. వద్దంటున్నది."

"ఎందుకొద్దట? ఎవలతోనన్న పంచాయితా?"

"నాకేమెర్క? నేనడిగితె నవ్వి ఊకుంటది. నువ్వే అడుగు, నీకైతె చెప్పకుంట తప్పించుకోలేదు."

హర్షిణి గదిలో కింద కూర్చుని ఫిడేలు వాయించే కమాను తుడుచుకుంటోంది. "పంచాయితి లేదు, పాడు లేదు కమలవ్వా. నేనే గట్ల కావాలనుకున్న. ఇన్నేండ్ల సంది ఒకరు పాడితె ఎనుకపొంటి వాయించిన. గీ ఒక్కసారి రాగం మొదటి కాడికెల్లి ఆఖరు దాక నేనే చెప్పాలె."

"నువ్వొక్కదానివే చెప్తె ఊకొట్టెటోళ్లన్న ఉండాలె గదనె?"

ఆ మాటకు పిల్ల చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత నవ్వేసి మళ్లీ తుడుచుకోసాగింది.

ఆమెకు ఫిడేలు ఎలా వచ్చిందో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అది మా ఇంటి మెట్ల మీదే మొదలైంది. కరీంనగర్‌లో సంగీతం చెప్పి రిటైరైన రాజేశ్వర్‌రావు సారు, వేములవాడ అవతల తమ ఊళ్లో భూముల పంపకం తెగేదాకా మా మేడ మీది గదిలో అద్దెకున్నాడు. పొద్దున్నే ఫిడేలు తీస్తాడు, సాంచాల మోతకు తల పట్టుకుంటాడు, మళ్లీ పెట్టేస్తాడు. "ఏం ఊరమ్మా గిది, దేవునిగ్గూడ తలకాయ నొస్తది" అని నన్ను తిట్టేవాడు, సాంచాలన్నీ నేనే తిప్పుతున్నట్టు. హర్షిణి అప్పుడు రెండో తరగతి. బడికి పోయే ముందు వచ్చి మెట్ల మీద కూర్చునేది. ఓ రోజు సారు తీగలు సరిచేసుకుంటుంటే ఈ పిల్ల కింది నుంచి, "సారూ, గిప్పుడు మీటిన తీగె మీదనే మా బాపు సాంచ పాడ్తది" అంది. సారు కోప్పడబోయి ఆగాడు. చెవి పెట్టి విన్నాడు. మళ్లీ తీగ మీటాడు. పక్కింట్లో అంబదాస్ సాంచ మోటరు గుయ్యిమంటున్నది నిజంగా ఆ స్వరం మీదే. మరునాటికి ఎక్కడి నుంచో పిల్లలు పట్టే చిన్న ఫిడేలు తెప్పించాడు.

మొదట్లో వీధి వీధంతా నవ్వింది. "అంబదాసూ, మీ ఇంట్ల పిల్లి ఈనిందా?" అని పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ అడిగేవారు. అతనికి సగమే వినిపించేది కాబట్టి, "ఆఁ, మంచిగ నేర్చుకుంటుంది" అని జవాబు చెప్పేవాడు. ఏళ్లు గడిచే కొద్దీ పిల్లి అరుపు పోయి ఏదో వేరే వచ్చింది. సారు కరీంనగర్ తిరిగి పోయాక అక్కడికే బస్సులో పోయి వచ్చి సంగీతం పరీక్షలు పాసైంది. వేములవాడలో, ధర్మపురిలో, పెళ్లి పందిళ్లలో పాడేవాళ్లకు పక్కన కూర్చుని వాయించింది. మేం పోయి చూసినప్పుడల్లా పాడే ఆయన ముందు, ఈ పిల్ల పక్కన. ఆయన ఎటు పోతే కళ్లప్పగించి అటే పోయేది. దండలు ఆయనకు పడేవి.

ఇప్పుడు హైదరాబాదులో ఓ సంగీత సభవాళ్లు, ఏటా ఓ కొత్త కళాకారుడి మొదటి రికార్డు వేసేవాళ్లు, ఈసారి హర్షిణిని అడిగారు. ఏం వాయిస్తావో నీ ఇష్టం అన్నారట. ఈమె ఒక్క ఫిడేలు అంది. స్టూడియో వద్దంది. సారు వాళ్ల ఊళ్లో పాత గడీ, ఒకప్పుడు దొరలున్న పెద్ద బంగళా, ఉంది. అందులో రాతి స్తంభాల పెద్ద హాలు. అందులో ఒక్క స్వరం వదిలితే గోడలు దాన్ని కాసేపు పట్టుకుని మెల్లగా తిరిగిస్తాయని సారే చెప్పాడట. కానీ ఆ హాలును ఫంక్షన్ హాలు చేస్తున్నారు. సోమవారం మేస్త్రీలు వచ్చి పైన కొత్త కప్పు బిగిస్తారు. ఆ తర్వాత అది మామూలు గదే. చేతిలో ఉన్నది శని, ఆది. "నేను రానమ్మా. నేనుంటె నువ్వు నా కోసం వాయిస్తవు" అని సారు కరీంనగర్‌లోనే ఉండిపోయాడు.

శనివారం పొద్దున పిల్ల పోయాక నాకు మనసు ఆగలేదు. మా భజన మండలిలో డోలక్ కొట్టే పర్శరాములు ఆటో నడుపుతాడు. "అరే, మన పిల్లకు పక్కన మనిషి లేడురా. డోలక్ ఏసుకో, పోదాం పా" అన్నాను. వాడు రెండో మాట అడగలేదు.

గడీ హాల్లోకి పోయేసరికి, చెవులకు పెద్ద డబ్బాలు తగిలించుకున్న కుర్రవాడు చేతులూపుతూ ఎదురొచ్చాడు. పేరు తారక్. కరీంనగర్‌లో ఫోన్లకు పెట్టే పాటలు రికార్డు చేస్తాడు. హర్షిణితో సంగీతం చదివాడు.

"అవ్వా, గా డోలక్ బయట పెట్టున్రి. గిండ్ల వేరే వాద్యం లేదు."

"లేదనే కద బిడ్డా తెచ్చినం," అన్నాను.

"నేను మెల్లగ కొడ్త అన్నా," అన్నాడు పర్శరాములు బతిమాలుతూ. "ఇనబడనే ఇనబడది."

"ఇనబడకపోతె కొట్టుడెందుకు?" అన్నాడు తారక్.

హాలు నడుమ చాప మీద కూర్చున్న హర్షిణి మమ్మల్ని చూసి నవ్వింది కానీ, ఆ నవ్వు కళ్ల దాకా రాలేదు. మేం బయట అరుగు మీద కూర్చుని విన్నాం. నాకు రాగాల పేర్లు తెలియవు. అది తోడి రాగమని తర్వాత తెలిసింది. తెలిసినదల్లా ఒక్కటే, ఆ రాగం నేను మా వంటింట్లోంచి రోజూ వినేదే. రోజూ వినేది నీళ్లలా పారేది. ఇప్పుడు వింటున్నది తడి బండ మీద జారుతామేమోనని ఒక్కో అడుగూ చూసుకుని వేస్తున్నట్టుంది. కాస్త పోతుంది, ఆగుతుంది. మళ్లీ మొదలు. మళ్లీ ఆగుతుంది. ఎండెక్కేసరికి బయట పత్తి ట్రాక్టర్లు మొదలయ్యాయి. ఇక ఈ పూటకు కాదని తారక్ చెవుల డబ్బాలు తీశాడు.

"తప్పు ఒక్కటి గూడ లేదు హర్షిణీ," అన్నాడు. ఆమె వైపు చూడకుండా వైర్లు చుట్టుకున్నాడు.

"పానం లేదు. నాకు తెలుస్తుంది," అని ఆమే అంది. ఫిడేలు పెట్టెలో పెట్టి మూత వేసింది. "సభోళ్లకు ఫోన్ చేస్త. నాతోని కాదని చెప్త. నాకు పక్కన వాయించుడే వచ్చు. ముంగట ఎవలన్న నడిస్తెనే నాకు తొవ్వ దొరుకుతది."

ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. పక్కన కూర్చున్నాను.

"ఇంట్ల గీ రాగమే కదనె వాయిస్తవు? మొన్న ఇంటుంటె నా పొయ్యి మీద పాలు పొంగిపోయినయి. ఇంట్ల ఎవలు నడిచిన్రు నీ ముంగట? ఇంట్ల అయ్యింది ఈడ ఎందుకైతలేదు?"

నా ప్రశ్నలకు ఆమె సాధారణంగా నవ్వి తప్పించుకుంటుంది. ఈసారి తప్పించుకోలేదు.

"ఇంట్ల... అమ్మ మిషన్ ఆపుతది."

"ఏం మిషనే?"

"కండెల మిషన్. నా ఎనుక గోడవతలనే కదా. నేను వాయిస్తున్నంత సేపు అది తిరుగుతనే ఉంటది. యాడనన్న మంచిగొస్తె ఆగుతది. జరసేపే. మల్ల తిరుగుతది. గది ఆగిన కాడ నాకు తెలుస్తది, గిదే తొవ్వ అని. చిన్నప్పటి సంది గంతే. అమ్మకు తెల్వదు, నేనెన్నడు చెప్పలే. చెప్తె కావాలని ఆపుతది." హాలంతా ఓసారి కళ్లతో తిరిగొచ్చింది. "ఈడ ఏం ఆగుతది కమలవ్వా? అంత ఆగే ఉన్నది."

మమతకు సంగీతం రాదు, నాలాగే. ఏం విని ఆపుతుందో ఆమెను అడిగినా చెప్పలేకపోవచ్చు. ఇన్నేళ్లు మా గోడ పక్కన ఒక తల్లి చెయ్యీ ఒక బిడ్డ చెవీ ఇలా మాట్లాడుకుంటుంటే వీధిలో ప్రతిదీ తెలుసుననుకునే నాకు తెలియనే లేదు.

"అంటె మీ అమ్మ ఊకొడ్తది," అన్నాను. "రేపు తీసుకొస్త. నువ్వు ఫోన్ చెయ్యకు."

తారక్ ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టింది. మమత మాత్రం ఒప్పుకోనే లేదు. "గా గడీలకా? నేనొక్కదాన్నే పోయి కూసుంటనా? మా మామ ఆ వాకిట్ల చెప్పులు చేతుల పట్టుకొని నిలవడ్డడత్తా. నాకు కాళ్లు వణుకుతయి." చివరికి, "మన ఆడోళ్లంత వస్తె వస్త" అంది. అది మా వాడ పద్ధతే కాబట్టి నేను వెంటనే సరే అన్నాను. తారక్‌కు ఫోన్లో చెప్పాను.

"అంత మంది ఆడోళ్లా? అవ్వా, గా మైకుకు చీమ నడిచినా ఇనబడ్తది. రాండ్రి గని, అందరు గాజులు తీసి రావాలె."

"నీకు పెండ్లయిందా బిడ్డా?"

"కాలే అవ్వా."

"గందుకే తెల్వలే," అన్నాను.

మగడు బతికున్న ఆడది చేతులు బోసిగా పెట్టుకుని గడప దాటుతుందా? అదీ శుభమా అని పిల్ల మొదటిసారి వాయించే చోటికి? ఆదివారం ఇంకా తెల్లవారక ముందే మా వీధి ఆడవాళ్లందరూ మమత వసారాలో చేరారు. వెనక్కి పోలేరు, ముందుకు రాలేరు. ఆసిఫాబాద్ నుంచి మా వాడకు కోడలుగా వచ్చిన మరాఠీ మనిషి సక్కుబాయి, మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు వేసుకుని, "అగ్గొ బాయీ, నేను కదిలితెనే గంట కొట్టినట్టుంటది, నేను పోత ఇంటికి" అని లేచింది.

అప్పుడు మమత ఏమీ అనకుండా మెత్తటి నూలు కండె ఒకటి తీసి, సక్కుబాయి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. గాజుకూ గాజుకూ నడుమ నుంచి పోగు తీసి, మణికట్టు మీద చుట్టడం మొదలుపెట్టింది. కండె చుట్టినంత సాఫుగా. ఒక్కో గాజూ నూలులో మునిగింది. చుట్టడం అయ్యాక సక్కుబాయి చెయ్యి ఊపింది. చప్పుడు లేదు. మళ్లీ గట్టిగా ఊపింది. లేదు.

"గాజులు తీయలే, చప్పుడు తీసినం!" అని అరిచాను.

అందరి చేతులూ మమత ముందుకు వచ్చాయి. చివరికి ఆమె చేతులు మిగిలాయి. హర్షిణి తల్లి ముందు కూర్చుని తానే చుట్టింది. అంత సన్నటి తీగ మీద అలవోకగా నడిచే ఆ వేళ్లు నూలు దగ్గర తడబడుతుంటే మమత నవ్వింది. "కమాను పట్టినట్టు కాదు బిడ్డా. జర వదులు, పోగు తెగుతది."

అంబదాస్‌కు సంగతి చెవిలో అరిచి చెప్పాం. "నాకెట్లాగు ఇనబడది," అన్నాడు వీధి మొత్తానికి వినపడేలా. "లోపలుంటె నేనే మొదట మాట్లాడ్త. నేను గేటు కాడుంట. ట్రాక్టరు గని, బర్రె గని, ఎవడొస్తడో చూస్త." మా ఫోన్లన్నీ అతని తువ్వాల్లో మూటగట్టాం.

గడీ తలుపు దగ్గర సారు అక్క నిర్మలాదేవి నిలబడి ఉంది. హాలు ఆమెదే. మా వాళ్లంతా అలవాటుగా గడప బయటే ఆగిపోయారు. ఆమె మా చేతులను చూసింది. "గిదేంది, అందరికి దెబ్బలు తాకినయా?" అంది. నేను చెప్పాను. ఆమె తన బంగారు గాజులను ఒకసారి చూసుకుని, మమత ముందు చెయ్యి చాచింది. "నాకు గూడ చుట్టమ్మా. చుట్టి లోపలికి రాండ్రి." మమత చుట్టింది. ఆమె వణుకుతాయన్న కాళ్లు వణకలేదు. చేతికి పని దొరికింది కదా.

లోపల కింద చాపల మీద కూర్చున్నాం. మమతను హర్షిణికి ఎదురుగా కూర్చోబెట్టాను. పర్శరాములు చెయ్యి తాళం దానంతట అదే వేస్తుందని రెండు చేతులూ చంకల్లో ఇరికించుకున్నాడు. నేను దగ్గకుండా బుగ్గలో ఇలాచీ పెట్టుకున్నాను. తారక్ అందరి కంటే ఎక్కువ నన్నే చూస్తున్నాడు. అతను చెయ్యి పైకెత్తితే ఊపిరి కూడా మెల్లగా పీల్చాలి. చెయ్యి దించేదాకా అంతే.

చెయ్యి ఎత్తాడు.

మొదటి స్వరం ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. నిశ్శబ్దంలోంచి అది వేరుపడలేదు, నిశ్శబ్దమే కొంచెం చిక్కబడినట్టు వచ్చింది. మా పుట్టిల్లు లక్సెట్టిపేట. చిన్నప్పుడు తెల్లవారుజామున గోదావరికి పోతే, మంచులో నీళ్లు కనిపించేవి కావు. కాళ్లకు చల్లగా తగిలాకే నది అని తెలిసేది. అట్లా తగిలింది.

మొదట కాసేపు నిన్నటిలాగే ఉంది. అడుగు చూసి అడుగు. అప్పుడు మమత చేతుల వైపు చూశాను. ఒడిలో ఉన్న ఆ చేతులు ఊరికే లేవు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి మెల్లగా ఆడుతున్నాయి, లేని పోగును పట్టి వదులుతున్నట్టు. చేస్తున్నానని ఆమెకు తెలియదు. రోజంతా నూలు ఆ వేళ్ల నడుమ నుంచే పోతుంది కాబట్టి, కూర్చుంటే అవి ఆడుతూనే ఉంటాయి. గోడ లేదు, మిషన్ లేదు. వేళ్లు మాత్రం కండె చుడుతున్నాయి.

హర్షిణి కమాను ఒక స్వరం మీద నిలబడింది. అక్కడి నుంచి పైకి పోతుందనుకున్నాను. పోలేదు. దాన్నే పట్టుకుని సన్నం చేసింది, ఇంకా సన్నం చేసింది, ఇంక తెగుతుంది అనిపించిన చోట తెగలేదు. వెలుతురు పడితే తప్ప కనపడని పోగులా ఉంది అది.

మమత వేళ్లు ఆగాయి.

హర్షిణి చూసింది. ఆమె చూడడం నేను చూశాను. కళ్లు తల్లి ఒళ్లో వాలి, అక్కడి నుంచి లేచి, ఎటో దూరంగా పోయాయి. ఆ వెంట కమాను కదిలింది.

ఆ తర్వాత జరిగింది నేను చెప్పలేను, కానీ చెప్పకుండా ఉండలేను. తంబుర లేదనుకున్నాను కదా. ఆమె పై తీగ మీద రాగం చెబుతుంటే కింది తీగ సన్నగా మోగుతూనే ఉంది. అదే తంబుర. దాని కింద ఇంకేదో గుయ్యిమంటున్నట్టుంది. మోటరేమో అని బయటికి చెవి పెట్టాను. కాదు. ఆ గోడలు తాము తీసుకున్నదంతా తిరిగి ఇస్తున్నాయి. రాగం అయ్యాక, నడక పెంచే తానం ఎత్తుకుంది. మద్దెల లేదనుకున్నాను కదా. కమానే తెగుతూ కలుస్తూ దరువు వేసింది. ఆ దరువు నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల నిద్రపోయింది, లేచింది, అన్నం తిన్నది ఆ నడక మీదే. మా వీధి మొత్తం తలనొప్పి అని తిట్టుకున్న సాంచాల నడక అది. అందులోంచి మోత పోయి నడక మిగిలింది. పర్శరాములు చంకల్లో చేతులు పెట్టుకునే కళ్లు తుడుచుకోలేక భుజానికి ముఖం రాసుకున్నాడు. మేం జాలిపడి డోలక్ తెచ్చింది ఈ పిల్లకా? ఆమె తన వెంట ఒక ఊరినే తెచ్చుకుంది.

పదే పదే చూశాను, ఒక్క మనిషే. ఇరవై రెండేళ్ల పిల్ల, పొద్దున తల్లి చేతికి నూలు చుట్టలేకపోయిన పిల్ల. కుడి పాదం మీద ఆన్చిన ఓ చెక్క, నాలుగు తీగలు. ఇంకేమీ లేదు. ఇంత ఎక్కడ దాచింది?

అయిపోయింది అనుకున్నాక కూడా చాలాసేపు అది హాల్లో ఉంది. తారక్ చెయ్యి పైనే ఉంది. ఎక్కడో స్తంభం మీద పావురం రెక్క సర్దుకుంది. చెయ్యి మెల్లగా దిగింది.

దిగినా ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడవచ్చని తెలిసి కూడా నేను మాట్లాడలేదు. మా వాడవాళ్లు ఇప్పటికీ పండగ పూట చెప్పుకునేది ఫిడేలు గురించి కాదు, నేను నోరు మూసుకున్న ఆ సంగతి గురించే.

తారక్ చెవుల డబ్బాలు తీసి ఒళ్లో పెట్టుకుని, "మల్ల వాయించాల్సిన పని లేదు," అన్నాడు.

మమత అందరినీ చూసింది. తానేదో అనాలని అందరూ ఎదురుచూస్తున్నట్టు ఆమెకు తోచింది. "ఆకలైతలేదా బిడ్డా?" అంది. హర్షిణి ఫిడేలు పక్కన పెట్టి, నూలు చుట్టిన ఆ చేతుల్లో ముఖం పెట్టుకుంది. వేళ్ల సంగతి అప్పుడైనా చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నా జీవితంలో నేను దాచిన సంగతులు అతి తక్కువ.

బయట గేటు దగ్గర అంబదాస్ రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. అతని వెనక ఒక ట్రాక్టరు ఇంజను ఆపుకుని ఉంది. దాని వెనక ఇంకొకటి. డ్రైవర్లు గట్టు మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు.

"అయ్యిందా చిన్నమ్మా?" అని నా వైపు అరిచాడు. తల ఊపాను. "మంచిగైందా?" మళ్లీ ఊపాను. అతని ముఖం వెలిగిపోయింది. "ఒక్క బండి రానియ్యలే! ఒక్కటి గూడ!"

రికార్డు వానాకాలం మొదట్లో వచ్చింది. ఇప్పుడు అన్నీ ఫోన్లలోనే కదా, దానికీ ఒక బొమ్మ ఉంది. హర్షిణి పేరు, కింద సిరిసిల్ల, దాని కింద 'ఒక్క ఫిడేలు, పక్క వాద్యాలు లేవు' అని రాశారు. కూడబలుక్కుని చదివి నవ్వుకున్నాను. ఎక్కడెక్కడి పెద్దవాళ్లో సారుకు ఫోన్లు చేసి మెచ్చుకున్నారట. ఆ తోడి నడుమ ఒక స్వరం పట్టుకుని సన్నం చేసిన చోటు గురించి చాలామంది అడిగారట, ఆ ధైర్యం ఎక్కడిది అని.

మొన్న పొద్దున హర్షిణి కరీంనగర్ పోయింది. మమత తన ఫోన్‌ను వసారా కిటికీలో ఆన్చి ఆ రికార్డు పెట్టుకుని కండెలు చుడుతోంది. అంబదాస్ సాంచాలు ముందు గదిలో దడదడలాడుతున్నాయి. అంత మోతలో ఫోన్ ఏం వినపడుతుంది? అయినా నేను చేటలో బియ్యం పెట్టుకుని మా గోడ పక్కన కూర్చుంటే సన్నగా అందింది. ఇప్పుడు ఆ రాగం నాకు తెలుసు. ఏది తర్వాత ఏది వస్తుందో తెలుసు. ఆ చోటు దగ్గరపడుతుంటే బియ్యం ఏరడం ఆపి చెవి పెట్టాను.

గోడవతల కండెల మిషన్ ఆగింది.